చూసింది ముందు, అభిప్రాయం తర్వాత: విదేశీ ఆర్ట్ సినిమాలకూ డాక్యుమెంటరీలకూ సమీక్ష రాసే పద్ధతి

తెలుగులో సినిమా సమీక్షకి ఒక అచ్చు స్థిరపడిపోయింది. కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, చివర ఐదుకి రెండున్నరో రెండు ముప్పావో. శుక్రవారం విడుదలైన సినిమాకి టికెట్ కొనాలా వద్దా అని అడిగే పాఠకుడికి అది బాగానే పనికొస్తుంది. అదే అచ్చులో ఇరాన్ సినిమానో బెల్జియం సినిమానో పోస్తే చేతికి ఏమీ రాదు. ‘కథ’ కింద నాలుగు వాక్యాలు దాటవు. ‘సాంకేతిక వర్గం’ కింద ఛాయాగ్రహణం బాగుందని రాసి ఊరుకోవాల్సి వస్తుంది. షాట్ ఎంతసేపు ఆగింది, ఎవరి ముఖం చూపించలేదు, గోడ అవతల ఏ చప్పుడు వినిపించింది అన్నవే ఈ చిత్రాల్లో అసలు సంగతులు. వాటిని పట్టుకుని రాయడానికి ఒక్కో చిత్రానికి రెండుసార్లు చూడటం, ఆపైన నాలుగైదు గంటల రాతపని పడుతుంది.

చూడటానికి ముందు

ముందుగా మీ చేతిలో ఉన్నది ఏ కూర్పో తెలుసుకోండి. ఇండొనేసియాలో 1965-66 హత్యాకాండ మీద జాషువా ఓపెన్‌హైమర్ తీసిన ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ (2012) థియేటర్లలో ఆడిన కూర్పు సుమారు రెండు గంటలు, దర్శకుడి కూర్పు 159 నిమిషాలు. చిన్నది చూసి పెద్దదాని గురించి రాస్తే, చూసినవాళ్ళు మొదటి పేరాలోనే పట్టేస్తారు. చిత్రోత్సవాల జాబితాల్లో ఇచ్చిన నిడివిని మీ ఫైలు నిడివితో పోల్చండి. సరిగ్గా 4 శాతం తక్కువ వస్తే కంగారు పడనక్కర్లేదు. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని యూరప్ టీవీ పద్ధతిలో 25 ఫ్రేములతో నడిపితే 100 నిమిషాలది 96 నిమిషాల్లో అయిపోతుంది. దృశ్యమేదీ పోదు కానీ గొంతులు కొంచెం సన్నబడొచ్చు, నడకలు వేగంగా కనిపించొచ్చు. ‘కథనం చురుగ్గా ఉంది’ అని రాసే ముందు ఇది గుర్తుంచుకోండి. తేడా 4 శాతం కంటే ఎక్కువగా ఉంటే మాత్రం ఏదో కత్తిరించారని అనుమానించాలి.

ఇంట్లో టీవీలో చూస్తే మూడు సెట్టింగులు మార్చండి. కదలికని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది ఉంటే ఫిల్ముపై తీసింది కూడా టీవీ సీరియల్‌లా కనిపిస్తుంది. ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ మోడ్ పెట్టండి. తెరని నిండా నింపే జూమ్ తీసేయండి. వెడల్పు, ఎత్తు 1.37:1 నిష్పత్తిలో తీసిన చిత్రం పక్కల నల్లటి పట్టీలతో రావాలి. జూమ్ చేస్తే పైనా కిందా తెగిపోతాయి. మనిషి తలపైన దర్శకుడు కావాలని వదిలిన ఖాళీ పోతుంది, ఆ ఖాళీ గురించి రాసే అవకాశం మీకూ పోతుంది.

ఇతరుల సమీక్షలూ, దర్శకుడి ఇంటర్వ్యూలూ ఇప్పుడు వద్దు. దర్శకుడి పేరు, దేశం, సంవత్సరం, భాష, నిడివి చాలు. ఇంటర్వ్యూ ముందే చదివితే, ఆయన తీయాలనుకున్నదే మీకు తెర మీద కనిపిస్తుంది. తీసింది కనిపించదు.

మొదటిసారి

ఆపకుండా, ఫోన్ మరో గదిలో పెట్టి చూడండి. చిన్న నోటుబుక్కులో పేజీకి రెండు మూడు వరుసల కన్నా ఎక్కువ రాయకండి. చీకట్లో అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి కాబట్టి పెద్దగా రాసి పేజీ తిప్పేయడమే మేలు. ‘అద్భుతమైన సీన్’ అని రాసుకుంటే మర్నాటికి అది దేని గురించో మీకే తెలియదు. ‘తలుపు దగ్గర మనిషి, ముఖం నీడలో. బయట బస్సు ఆగిన చప్పుడు. చాలాసేపు’ అని రాసుకుంటే వారం తర్వాత కూడా దృశ్యం కళ్ళముందుకొస్తుంది. విశేషణాలు ఇంటికెళ్ళి రాయొచ్చు. హాల్లో నామవాచకాలూ క్రియలూ చాలు.

చిత్రం అయిపోయిన అరగంటలోపు, నోట్సు చూడకుండా, గుర్తున్న పది షాట్లు రాయండి. తర్వాత నోట్సుతో పోల్చండి. రెండు చోట్లా ఉన్నవి మీ సమీక్షకి పునాది. నోట్సులో లేకుండా మనసులో మాత్రమే మిగిలినవి ఇంకా విలువైనవి. చూస్తున్నప్పుడు తెలియకుండా అవే పని చేశాయి.

రెండోసారి, గడియారంతో

ఈసారి మూడు దృశ్యాలు చాలు. మొదట్లోంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, మీకు విసుగు పుట్టించింది ఒకటి. విసుగు పుట్టిన చోటుని వదలకండి.

పది నిమిషాల భాగం తీసుకుని కట్లు, అంటే ఒక షాటు తెగి మరోటి మొదలయ్యే చోట్లు, లెక్కపెట్టండి. పది నిమిషాల్లో 12 షాట్లు ఉంటే సగటున షాటుకి 50 సెకన్లు. చిత్రంలోని మరో పది నిమిషాల్లో 40 షాట్లు వస్తే లయ ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో వెతకడానికి దారి దొరుకుతుంది. తర్వాత అదే భాగంలో ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి, ఐదు నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. నేపథ్య సంగీతం ఉందో లేదో చాలామంది తప్పు రాస్తారు. ఉన్నట్టు అనిపించింది వీధి రొదో, పక్కగదిలో రేడియోనో అయి ఉంటుంది. కళ్ళు మూసుకుంటే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకర్మాన్ 1975లో తీసిన ‘జాన్ దీల్‌మాన్’ సుమారు 201 నిమిషాలు. దాని పూర్తి పేరులో బ్రస్సెల్స్‌లోని ఇంటి చిరునామా మొత్తం ఉంటుంది. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక అన్ని కాలాల గొప్ప సినిమాల కోసం జరిపిన విమర్శకుల ఓటింగులో మొదటి స్థానం దీనికే వచ్చింది. భర్త పోయిన ఆవిడ, ఎదిగిన కొడుకు, మూడు రోజులు. ఆవిడ వండుతుంది, సర్దుతుంది, మధ్యాహ్నం వచ్చే మగవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బు భోజనాల బల్ల మీది సూపు గిన్నెలో వేసి మూత పెడుతుంది. కెమెరా ఒక్కచోట నిలబడి ఉంటుంది, పక్కకి కూడా తిరగదు. క్లోజప్ లేదు, నేపథ్య సంగీతం లేదు. దీని మీద వచ్చే బలహీనమైన సమీక్ష ఇలా ఉంటుంది: ‘గృహిణి జీవితంలోని విసుగుని దర్శకురాలు అత్యంత నిదానంగా, హృద్యంగా చూపించారు.’

గడియారంతో చూసినవాళ్ళకి వేరే సంగతి కనిపిస్తుంది. మొదటి రోజు ప్రతి పనీ మొదటినుంచి చివరిదాకా చూపించి, పద్ధతిని మనకి కంఠస్థం చేయిస్తారు. దీపం ఆర్పడం, తలుపు వేయడం, మూత పెట్టడం. రెండో రోజు డబ్బు వేసిన గిన్నెకి మూత పెట్టడం ఆవిడ మర్చిపోతుంది. పొయ్యి మీది బంగాళాదుంపలు మరీ ఎక్కువ ఉడికిపోతాయి. ఆవిడ ఆ దుంపల గిన్నె పట్టుకుని గదుల్లో తిరుగుతుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. మామూలు సినిమాలో లెక్కలోకి రాని ఈ తప్పు ఇక్కడ గుండె జారేలా చేస్తుంది. మొదటి గంట అంత పొడుగ్గా లేకపోతే రెండో రోజు మూత లేదని మనం గమనించం. నిడివి ఎందుకో ఇప్పుడు రాయగలరు. ‘నెమ్మదిగా ఉంది’ అన్న మాట అవసరమే రాదు.

ప్రతి దీర్ఘమైన షాటుకీ ఇలాంటి కారణం ఉంటుందని కాదు. చాలా చిత్రోత్సవ సినిమాల్లో దీర్ఘమైన షాటు ఒక అలవాటు, గంభీరంగా కనిపించడానికి వేసుకునే దుస్తులు. రెండిటికీ తేడా పట్టడానికి ఆ షాటుని మనసులో సగానికి కత్తిరించి చూడండి. తర్వాత వచ్చేదానికి ఏ నష్టమూ లేకపోతే, ఆ మాట సమీక్షలో ధైర్యంగా రాయండి.

సబ్‌టైటిల్ చెప్పనివి

సబ్‌టైటిల్ మాటకి మాట అనువాదం కాదు. సాధారణంగా రెండు వరుసలు, ఇంగ్లీషులో వరుసకి 42 అక్షరాల దాకా, అదీ కొన్ని సెకన్లు మాత్రమే. వేగంగా మాట్లాడే మనిషి మాటల్లో చాలా భాగం పోతుంది. అందుకే ‘సంభాషణలు క్లుప్తంగా, పదునుగా ఉన్నాయి’ అని రాయకండి. ఆ క్లుప్తత సబ్‌టైటిల్ రాసినవాళ్ళది అయి ఉండొచ్చు.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక మేలుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో నువ్వూ మీరూ ఒకటే. మన చెవికి మాత్రం ఆ తేడా పుట్టుకతో తెలుసు. ఫ్రెంచిలో ‘తు’, ‘వూ’. పారసీకంలో ‘తో’, ‘షొమా’. టర్కిష్‌లో ‘సెన్’, ‘సిజ్’. రష్యన్‌లో ‘తి’, ‘వి’. ఈ జతలు ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. రెండు పాత్రలు ఏ దృశ్యంలో ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి దిగాయో, గొడవలో మళ్ళీ ‘మీరు’కి ఎక్కాయో వినండి. టర్కిష్, పారసీకం లాంటి భాషల్లో క్రియ చివర కూడా తేడా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ మాట విడిగా వినపడదు. అయినా ఒకటి రెండు చోట్ల దొరికినా చాలు, ఇంగ్లీషులో మాత్రమే చదివిన సమీక్షకుడికి దొరకనిది మీకు దొరికినట్టే.

ఇరాన్ సినిమాల్లో ‘తారోఫ్’ అనే మర్యాద పద్ధతి ఉంటుంది. టాక్సీవాడు డబ్బులు తీసుకునే ముందు ‘కాబెల్ నదారె’ అంటాడు, ‘దీనికి డబ్బులెందుకండీ’ అన్నట్టు. అవతలివాళ్ళు బలవంతపెట్టాక తీసుకుంటాడు. సబ్‌టైటిల్‌లో ఇది నిజంగానే వద్దన్నట్టు కనిపించి, తర్వాత తీసుకుంటే మోసంలా అనిపిస్తుంది. మన మొహమాటానికి దగ్గరి చుట్టం అనుకుంటే పాత్రలు సరిగ్గా అర్థమవుతాయి. తెలంగాణలో ఉర్దూ వింటూ పెరిగినవాళ్ళు అందులోని ‘ఖాబిల్’నీ, ఇరాన్ సినిమాల్లో తరచూ వినిపించే ‘దోస్త్’నీ సబ్‌టైటిల్ లేకుండానే పట్టుకోగలరు.

డాక్యుమెంటరీ అయితే

డాక్యుమెంటరీ సమీక్షల్లో పెద్ద తప్పు ఏమిటంటే, సమస్య గురించి రాసి సినిమా గురించి రాయకపోవడం. కాలుష్యం మీద సినిమా అయితే సమీక్ష కాలుష్యం మీద వ్యాసం అయిపోతుంది. దాన్ని తప్పించడానికి మూడు ప్రశ్నలు పట్టుకోండి. కెమెరా అక్కడికి ఎలా వెళ్ళగలిగింది, ఎంతకాలం ఉండి ఎంత తీసింది? ఏది జరుగుతుండగా తీశారు, ఏది మళ్ళీ చేయించి తీశారు? ఏది ఏ వరుసలో జరిగింది, తెర మీద ఏ వరుసలో వచ్చింది?

మొదటి ప్రశ్నకి ‘హనీల్యాండ్’ (2019) మంచి పాఠం. ఉత్తర మాసిడోనియా కొండల్లో తేనె తీసే హాతిజే మురాతొవా అనే ఆవిడ మీద మూడేళ్ళలో 400 గంటలకి పైగా తీశారు. చిత్రం గంటన్నర. అంటే తెర మీది ఒక్కో నిమిషానికి పక్కన పెట్టింది నాలుగు గంటలపైనే. ‘జీవితాన్ని ఉన్నదున్నట్టు చూపించారు’ అన్న వాక్యం ఈ లెక్క ముందు నిలవదు. ఎంచుకున్నారు, కూర్చారు, ఒక నాటకంలా పేర్చారు. అది నేరం కాదు. ఎలా పేర్చారో చెప్పడం మీ పని.

రెండో ప్రశ్న డాక్యుమెంటరీ అంత పాతది. ఉత్తర కెనడా మంచు ప్రాంతపు ఇన్యుయిట్ వేటగాడి మీద రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ (1922)లో నానూక్‌గా కనిపించిన మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. మంచు ఇల్లు లోపల చీకటిగా ఉండి కెమెరాకి వెలుతురు చాలక, ఒక పక్క గోడ లేని ఇల్లు కట్టించారు. వేటకి అప్పటికే తుపాకులు వాడుతున్నా, కెమెరా ముందు పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు. ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తమి ‘క్లోజప్’ (1990) ఇంకా ముందుకెళ్ళింది. తనే దర్శకుడు మొహ్సెన్ మఖ్మల్‌బాఫ్‌నని చెప్పుకుని ఒక కుటుంబాన్ని నమ్మించిన మనిషి కేసు అది. కోర్టు విచారణని నిజంగా చిత్రీకరించారు, అంతకుముందు జరిగినవి ఆ కుటుంబం చేతా ఆ మనిషి చేతా మళ్ళీ నటింపజేశారు. చివర్లో అసలు మఖ్మల్‌బాఫ్ ఆ మనిషిని కలిసినప్పుడు, మైకు పాడై వాళ్ళ మాటలు తెగిపోతున్నట్టు వినిపిస్తుంది. ఆ తెగడం కూడా దర్శకుడు కావాలని చేసిందే. ఇలాంటి చోట ‘నిజమా, కల్పనా’ అని తీర్పు చెప్పి వదిలేయకండి. ఆ మాటలు మనకి వినపడకుండా చేయడం వల్ల ఆ మనిషికి దక్కిన గౌరవం ఏమిటో రాయండి.

మూడో ప్రశ్నకి మైకేల్ మూర్ ‘రోజర్ అండ్ మీ’ (1989) గుర్తుంచుకోండి. అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో కార్ల ఫ్యాక్టరీల మూత మీద తీసిన ఆ చిత్రంలో ఘటనల వరుస మారిందని అప్పటి విమర్శకులు తేదీలతో సహా చూపించారు. మీరూ అదే చేయండి. తెర మీద కనిపించిన తేదీలు, వార్తాపత్రికల శీర్షికలు, చెట్ల ఆకులు, పిల్లల వయసు రాసుకోండి. రుతువు వెనక్కి వెళితే వరుస మారినట్టే. చిత్రం చెప్పిన అంకెల్ని మీ అంకెలుగా రాయకండి. ‘ఈ చిత్రం ప్రకారం’ అనండి, లేదా మరో రెండు చోట్ల సరిచూసుకున్నాకే మీ మాటగా రాయండి.

అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ చిత్రాల్లో వ్యాఖ్యానం ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు, అదనపు సంగీతం ఉండదు. అంతమాత్రాన దర్శకుడికి అభిప్రాయం లేదని రాస్తే పొరపాటే. ఆ అభిప్రాయమంతా ఏ దృశ్యం పక్కన ఏ దృశ్యం పెట్టారన్నదానిలో ఉంటుంది.

టైటిల్స్ చివరిదాకా కూర్చోండి. ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’ చివర్లో సహదర్శకుల్లో ఒకరితో మొదలుపెట్టి వరసగా ‘అజ్ఞాత’ అనే వస్తుంది. పేరు బయటపెడితే ప్రాణానికి ముప్పని ఇండొనేసియా సిబ్బంది భయపడ్డారు. హంతకులు పేర్లతో, నవ్వుతూ తెర నిండా తిరిగిన చిత్రం అది. టైటిల్స్ రాగానే లేచిపోయినవాళ్ళకి ఈ రెండిటి మధ్య తేడా తెలియదు.

దేశం, చట్టం, డబ్బు

రెండోసారి చూశాకే చదవడం మొదలుపెట్టండి. ముందు ఆ దేశపు సెన్సార్ నియమాలు. ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత వచ్చిన నిబంధనల వల్ల తెర మీద స్త్రీలు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా తలకి గుడ్డతోనే కనిపించేవారు, భార్యాభర్తలు ఒకరినొకరు తాకేవారు కాదు. ఇది తెలియక ‘ఆమె సంప్రదాయవాది’ అనో ‘ఆ దంపతుల మధ్య ప్రేమ లేదు’ అనో రాస్తే సమీక్ష మొత్తం కూలిపోతుంది. దర్శకుడు జాఫర్ పనాహీని 2010లో 20 ఏళ్ళపాటు సినిమాలు తీయకూడదని నిషేధించారు. ఆ నిషేధంలోనే తీసి బెర్లిన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి గోల్డెన్ బేర్ గెలిచిన ‘టాక్సీ’ (2015)లో పనిచేసినవాళ్ళ పేర్లు లేవు. సన్నివేశాలన్నీ కారులోనే ఎందుకున్నాయో నిషేధం తెలిస్తేనే అర్థమవుతుంది.

నిర్మాణ సంస్థల లోగోలు కూడా రాసుకోండి. ఆఫ్రికాలో తీసిన చిత్రం ముందు ఫ్రాన్స్, జర్మనీ, ఖతార్ సంస్థల పేర్లు వరసగా వస్తే, ఆ డబ్బు ఎవరి అభిరుచిని మెప్పించాలో ఆలోచించవచ్చు. ఊహని మాత్రం ఆధారంగా రాయకండి, తెర మీద దాని జాడ చూపించగలిగితేనే రాయండి.

రాయడం

800 నుంచి 1000 మాటలు సరిపోతాయి. ఒక్క షాటు వర్ణనతో మొదలుపెట్టండి, ఐదారు వాక్యాలు. దర్శకుడు, దేశం, సంవత్సరం, భాష, నిడివి రెండో పేరాలో రావాలి. కథ 120 మాటలు మించకూడదు, చిత్రంలో మొదటి మూడోవంతు దాటి చెప్పకూడదు. ఆ తర్వాతది మీ వాదన. ప్రతి అభిప్రాయం పక్కనా ఒక షాటో, ఒక శబ్దమో, ఒక కట్టో ఉండాలి. రాయడం అయ్యాక అభిప్రాయాల కింద ఎర్ర గీత, ఆధారాల కింద నీలం గీత గీయండి. వరసగా మూడు ఎర్ర గీతలు వస్తే ఆ పేరా మళ్ళీ రాయాలి.

కొన్ని మాటలు దొర్లుతూ వచ్చేస్తాయి. ‘దృశ్యకావ్యం’, ‘ప్రతి ఫ్రేమూ ఒక పెయింటింగ్’, ‘నటించలేదు, జీవించారు’, ‘పాత్రలో ఒదిగిపోయారు’. వీటిని వేరే ఏ సినిమాకైనా తీసుకెళ్ళి అతికించొచ్చు, అందుకే ఇక్కడ పనికిరావు. ‘జీవించారు’ బదులు ఆవిడ చేత్తో ఏం చేసింది, ఏ మాట దగ్గర చూపు తిప్పుకుంది అన్నది రాయండి. ‘ఇది అక్కడి ఫలానా తెలుగు సినిమా’ అన్న పోలిక కూడా వద్దు, పాఠకుడు తను చూసిన సినిమానే తలుచుకుంటాడు.

సర్వనామం తెలుగులో ఒక నిర్ణయం. డాక్యుమెంటరీలో హత్యలు ఒప్పుకున్న మనిషిని ‘ఆయన’ అంటారా, ‘అతను’ అంటారా? తేనె తీసే ఆవిడని ‘ఆమె’ అంటూ దర్శకుణ్ణి ‘ఆయన’ అంటారా? ముందే నిర్ణయించుకుని చివరిదాకా ఒకేలా ఉంచండి. విదేశీ పేరు చూసి ఆడో మగో ఊహించకండి, మన క్రియ ఆ తప్పుని ప్రతి వాక్యంలోనూ బయటపెడుతుంది.

పేర్లు రాయడంలో మన లిపి ఇంగ్లీషు కన్నా నయం, ఉచ్చారణ తెలిస్తే సరిగ్గా రాయొచ్చు. టర్కిష్‌లో ‘సి’ అక్షరం ‘జ’ పలుకుతుంది, కాబట్టి దర్శకుడి పేరు నూరి బిల్గే జెయ్‌లాన్. సిలాన్ కాదు. హంగేరియన్‌లో ‘ఎస్’ ఒక్కటే ఉంటే ‘ష’, పక్కన ‘జెడ్’ చేరితే ‘స’. అందుకే ఇష్ట్వాన్ సాబో, మిక్లోష్ యాంచో. పోలిష్ ‘జె’ మన ‘య’, కాబట్టి దర్శకుడు వాయ్‌దా. చైనా, కొరియా పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, మన పేర్లలో లాగే. చైనా డాక్యుమెంటరీ దర్శకుడు వాంగ్ బింగ్‌ని రెండోసారి ప్రస్తావించేటప్పుడు ‘వాంగ్’ అనాలి, ‘బింగ్’ అనకూడదు. ఆ భాష మాట్లాడేవాళ్ళు పేరు పలికిన ఆడియో ఒక్కటైనా విని రాయండి.

చిత్రోత్సవంలో ప్రెస్ ప్రదర్శన చూస్తే, సమీక్ష ఏ గంట తర్వాత ప్రచురించవచ్చో ముందే అడగండి. చివర, పాఠకుడు దీన్ని ఎక్కడ చూడగలడో ఒక వాక్యం ఇవ్వండి. స్ట్రీమింగ్‌లో ఉంటే అక్కడ ఏ కూర్పు ఉందో, సబ్‌టైటిల్స్ ఏ భాషల్లో ఉన్నాయో కూడా చెప్పండి. నవంబరులో గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చిత్రోత్సవం ఇఫీ, డిసెంబరులో తిరువనంతపురంలో జరిగే కేరళ చిత్రోత్సవం, హైదరాబాద్‌లో ఫ్రెంచి, జర్మన్ సాంస్కృతిక కేంద్రాలైన అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథే సెంట్రమ్ ప్రదర్శనలు తెలుగువాళ్ళకి అందుబాటులో ఉన్న దారులు. అక్కడ వేయబోతున్నారని తెలిస్తే తేదీ, సమయం రాయండి. ప్రచురించే రోజు ఆ వివరాలు మరొక్కసారి సరిచూసుకోండి.